మామ డ్రమ్ముకు మాటు

ఆ రోజుల్లో మా వైపు ప్రతి ఇంట్లోంచీ ఇత్తడి బయటికి పోతుంటే స్టీలు లోపలికి వస్తుండేది. తాతల నాటి గంగాళాలు, కాగులు బండెక్కి జగిత్యాల బజారుకు వెళ్లి, అక్కడ తూకానికి పడి, సాయంత్రానికి బరువు తగ్గి మెరుపు పెరిగి స్టీలు సామానై ఇంటికి తిరిగొచ్చేవి. చింతపండుతో తోమే బాధ తప్పిందని ఆడవాళ్లు, అందులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని మగవాళ్లు సంతోషపడ్డారు. ఆ కాలాన్ని గురించి ఇప్పుడు ఎవరు రాసినా అడవుల గురించి, తుపాకుల గురించి, బంద్‌ల గురించి రాస్తారు. అవన్నీ నిజమే, నేను కాదనను. పొద్దున బయల్దేరాల్సిన బస్సు బయల్దేరుతుందో లేదో సాయంత్రం దాకా తెలియని రోజులవి. కానీ ఆ కాలం అనగానే ముందుగా నా కళ్లలో మెదిలేది ఒక స్టీలు డ్రమ్ము, దానికి నేను స్వహస్తాలతో పొడిచిన చిల్లు.

నేను అప్పుడే జగిత్యాలలో ఐటీఐ ఫిట్టర్ కోర్సు పూర్తిచేసి, కోరుట్లలో మా ఇంటి ముందరి గదిలో ‘ఇచ్చట అన్ని రకముల రిపేర్లు చేయబడును’ అని బోర్డు పెట్టుకుని కూర్చున్నాను. (బోర్డు చూసి వచ్చిన మొదటి మనిషి బోర్డు రాసిన పెయింటరే. కూలి కోసం వచ్చాడు.) సిరిసిల్లలో మా మేనమామకు నాలుగు పవర్‌లూములు, ఒక కూతురు ఉండేవి. ఆ కూతురు నాకే అని పుట్టినప్పటి నుంచీ అందరూ అనుకుంటున్నారు. మామ కూడా అనుకునేవాడు. నేను ఫిట్టర్‌నయ్యాక ఆ అనుకోవడం కాస్త నెమ్మదించింది. "పోరడు పని నేర్సిండా, సర్టిఫికెట్ నేర్సిండా?" అని మా అమ్మను అడిగాడట. మా అమ్మ అన్నం మెతుకు చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "రెండూ ఒక్కటే గద అన్నా" అందట.

ఆ సమయంలోనే అత్తమ్మ ఇత్తడి సామాను మొత్తం ఇచ్చేసి మామ ఒక పెద్ద స్టీలు డ్రమ్ము తెచ్చాడు. కరీంనగర్‌లో ఎవరో డాక్టరుగారి ఇంట్లో అలాంటి డ్రమ్ముకు కింద నల్లా ఉండటం, తిప్పితే నీళ్లు గ్లాసులోకి పడటం, ఎవరూ చెంబు ముంచకపోవడం ఆయన చూసి వచ్చాడు. అప్పటి నుంచి ఆయనకు చెంబు ముంచే మనుషుల మీద చిన్నచూపు మొదలైంది. తన డ్రమ్ముకు నల్లా లేదని దిగులుపడుతుంటే, నేను కాళ్లు ఊపుకుంటూ, "గదెంత పని మామా, నేను పెడ్త" అన్నాను. నా జీవితంలో నేను అన్న మాటల్లో అంత పొట్టి మాట, అంత దూరం నడిపించిన మాట మరొకటి లేదు.

స్టీలు ఇనుము లాంటిదే, కాకపోతే కడిగినట్టుంటుందని నా అభిప్రాయం. డ్రిల్లు పెట్టి తిప్పితే బిట్టు ముందు జారింది, తర్వాత అరిచింది, చివరికి తనకిష్టమైన చోట దిగింది. గుండ్రంగా రావాల్సిన చిల్లు కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. దాన్ని గుండ్రంగా చేద్దామని ఆకురాయితో రాస్తే బాతుగుడ్డు అయింది. నల్లా పెట్టి, వాషర్ పెట్టి, నట్టు బిగిస్తే మూడూ కలిసి కూడా ఆ చిల్లును కప్పలేకపోయాయి. ఒక పక్కన విదియనాటి చంద్రుడంత సందు మిగిలింది. అత్తమ్మ దీపం ముట్టించి, పసుపు బొట్టు పెట్టి, నీళ్లు నింపింది. నల్లా తిప్పకముందే నీళ్లు వచ్చాయి. మామ కాసేపు చూసి, "ఒక్క నల్లా పెట్టుమంటె రెండు పెట్టినవు అల్లుడా. ఒకటి మూసుకుంటలేదు" అన్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. ఆ సాయంత్రం అరుగు మీద నలుగురు కులపెద్దలుండగా ఆయన తీర్పు చెప్పాడు. "గీ నల్లా సుట్టూత సుక్క నీళ్లు కారకుంట అతికిపియ్యి. గప్పుడు నా బిడ్డ లగ్గం ముచ్చట మాట్లాడుకుందం. డ్రమ్ముకు నల్లా నిలవెట్టనోడు సంసారమేం నిలవెడ్తడు?" పెద్దలు నలుగురూ తలలూపారు. మరదలు లోపలి నుంచి ఒక గిన్నె తెచ్చి చిల్లు కింద పెట్టి, ఎటో చూస్తూ నాతో అంది: "బావా, గిది నిండెటాల్లకు ఏమన్న ఆలోచన జెయ్యి." గిన్నె చిన్నదే. నేను ఆ రాత్రి కోరుట్లకు తిరిగి రాలేదు, వచ్చే ముఖం లేక సిరిసిల్లలోనే పడుకున్నాను.

ఇక్కడ చదువరులకు న్యాయంగా ఒక అనుమానం రావాలి. ఫిట్టర్ కోర్సు చదివినవాడికి స్టీలుకు మాటు ఎలా వేయాలో, చిల్లును లోహం కరిగించి ఎలా అతకాలో తెలియదా అని. తగరపు రేకుకు ఏం పెట్టాలో తెలుసు, రాగికి ఏం పెట్టాలో తెలుసు, ఇత్తడికీ తెలుసు. స్టీలు పాఠం మాత్రం ఒక్కరోజు పాఠం. ఆ రోజు బంద్. మా బ్యాచ్‌లోనే ఉన్న విద్యార్థి నాయకుడు (మేమంతా లీడర్ అనే పిలిచేవాళ్లం, ఇంటి దగ్గర వాడి అమ్మ కూడా అలాగే పిలిచేది) పొద్దున్నే వచ్చి గేటుకు అడ్డంగా నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. నేను పిడికిలెత్తి నినాదాలు కూడా ఇచ్చాను. దేని గురించో ఇప్పుడు గుర్తులేదు గానీ అందరికంటే నా గొంతే గట్టిగా ఉందని లీడర్ మెచ్చుకున్నాడు. తర్వాత ఒక లారీ ఆపుకుని కొండగట్టుకు పోయి, స్వామిని దర్శనం చేసుకుని, కోతులకు కొబ్బరిముక్కలు పెట్టి, చీకటిపడే వేళకు తిరిగొచ్చాం. ఆ దినం విప్లవానికి ఎంత లాభమైందో నాకు తెలియదు. నాకైన నష్టం మామ ఇంట్లో గిన్నెలోకి చుక్కచుక్కగా పడుతోంది.

తెలియనప్పుడు తెలిసినవాళ్లను అడగాలి కదా. కోరుట్లలో రేడియో సేటు అని ఒకాయన ఉండేవాడు. రేడియోల లోపలి తీగలను అతికించడంలో చెయ్యి తిరిగిన మనిషి. "నా పేస్టు పెడితె అతకని లోహం పుట్టనే లేదు" అని, సోల్డర్ తీగ, పేస్టు డబ్బీ, తన బరువైన సోల్డరింగ్ ఐరన్ సంచిలో వేసుకుని స్వయంగా సిరిసిల్లకు వచ్చాడు. (అత్తమ్మ నాటుకోడి కూర సంగతి నేను మాటల్లో చెప్పి ఉండవచ్చు.) పేస్టు పూశాడు, ఐరన్ ఆనించాడు, తీగ కరిగింది. కరిగిన సోల్డర్ డ్రమ్మును తాకీ తాకగానే ఉండలు కట్టి, నేల మీదికి దొర్లి, మంచం కిందికి పోయింది. సేటు మళ్లీ పెట్టాడు, అది మళ్లీ మంచం కిందికే పోయింది. సేటు చెమట తుడుచుకుని, "మీ ఊర్ల వోల్టేజి లేదు. అంత మగ్గాలే గుంజుకుంటున్నయి" అని ప్రకటించి, కోడికూర తిని పోయాడు.

తర్వాత సిరిసిల్లలోనే ఇంటింటికీ తిరిగి ఇత్తడి గిన్నెలకు కలాయి పూసే చాచా వచ్చాడు. స్టీలు వచ్చాక ఆయన పని తగ్గి, ఆ లోహం మీద ఆయనకు సహజంగానే కోపం ఉండేది. వాకిట్లో గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి ఊది, డ్రమ్మును దాని మీద వంచి, ఎర్రబడే దాకా కాల్చి, గుప్పెడు నవసాగరం ఉప్పు చల్లాడు. తెల్లటి పొగ లేచి వాడ మొత్తం దగ్గింది. తగరం వేసి దూదితో తుడిచాడు. ఇత్తడి నల్లా మాత్రం వెండి నల్లాలా తళతళలాడింది. డ్రమ్ముకు తగరం అంటనే లేదు. పైగా కాలిన చోట డ్రమ్ము పసుపు, ఊదా, నీలం రంగులు తిరిగి నెమలిపింఛంలా తయారైంది. చాచా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నల్లా మస్తుగున్నది. డ్రమ్మే ఖరాబ్ మాల్. గా రేడియోవాలా పేస్టుతోని ఇంక ఖరాబ్ అయింది" అన్నాడు. ఈ మాట కోరుట్ల చేరగానే రేడియో సేటు, "నేను పెట్టిన పేస్టు పనిచేస్తుండె, ఆయన మంటవెట్టి ఆగం జేసిండు" అన్నాడట. (మధ్యలో ఒక కంసాలిని కూడా అడిగాను. వెలిగారం, వెండి టాంకా పెట్టి ఏదైనా అతికిస్తాడని పేరు. డ్రమ్మును చూసి, "గింత పెద్ద వడ్డాణం నేను చెయ్య బాబూ" అని దండం పెట్టాడు.)

నెమలిపింఛమైన డ్రమ్మును చూసి మామకు కోపం ఆగలేదు. రోడ్డు మీదికి వచ్చి, నలుగురూ వినేట్టు, "గీ ఇద్దర్ని అన్నలకు చెప్పకపోతె నన్నడుగుండ్రి!" అని అరిచాడు. ఇది ఆ రోజుల్లో మా వైపు ఊతపదం. బర్రె చేనులో పడ్డా, మంగలి గడ్డం తెగేట్టు గీసినా, సినిమాహాల్లో పాట మధ్యలో రీలు తెగినా అన్నలకు చెప్తాననేవాళ్లు. అన్నలంటే అడవిలో ఉండే దళంవాళ్లు, ఊళ్లలో పంచాయితీలు తెంపేవాళ్లు. ఎవరూ చెప్పేవాళ్లు కాదు, అనేవాళ్లు అంతే. కానీ మామ దగ్గర మగ్గం నడిపే ఒక మనిషిది చందుర్తి వైపు ఊరు. పాపం, యజమాని ఇంత బాధపడుతున్నాడని మంచి మనసుతో కబురు మోశాడు. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. ఆదివారం పగటిపూట చందుర్తి అవతలి మామిడితోటకు రావాలి. ఇద్దరు పనివాళ్లూ రావాలి, డ్రమ్ము కూడా రావాలి.

మామ వీధి తలుపు మూసొచ్చాడు. "నేను ఊకె అన్న అల్లుడా, కోపంల ఎవలైన అంటరు. ఇప్పుడు నా మగ్గాల కూలిరేటు గిట్ల అడుగుతరేమో" అని నా చెయ్యి పట్టుకున్నాడు. అంతకుముందు ఎప్పుడూ ఆయన నా చెయ్యి పట్టుకోలేదు. బస్సులో మామ, నేను, రేడియో సేటు, కలాయి చాచా, డ్రమ్ము, సద్దిమూటతో మరదలు. నువ్వెందుకని మామ అంటే, "ఇంట్ల నీళ్లు మోసేది ఎవలు? డ్రమ్ము పంచాయితంటె నాదే గద" అని ఎక్కి కూర్చుంది. కండక్టర్ డ్రమ్మును పైనా కిందా చూసి అర టికెట్ కొట్టాడు. దారిలో పోలీసులు బస్సు ఆపారు. కానిస్టేబుల్ డ్రమ్ము మూత తీసి తల లోపల పెట్టి, "గీ వెల్తురు ఏడికెల్లి వస్తుంది?" అన్నాడు. "చిల్లు సార్" అన్నాను. "మరి ఎందుకు మోస్తున్నరు?" "చిల్లు ఉన్నందుకే సార్." ఆయన నన్నూ, చాచా తోలుతిత్తినీ, సేటు ఐరన్‌నూ మార్చి మార్చి చూసి, ఇంత తెలివితక్కువవాళ్ల వల్ల రాజ్యానికి ప్రమాదం లేదని తేల్చుకుని దిగిపోయాడు.

మామిడితోటలో జనం బాగానే ఉన్నారు. ముందు ఒక గట్టు పంచాయితీ, తర్వాత ఒక మొగుడూపెళ్లాల పంచాయితీ తెగాయి. మా వంతు వచ్చేసరికి మంచం మీద కూర్చున్న దళం మనిషిని దగ్గర నుంచి చూశాను. చిక్కిపోయి, గడ్డం పెరిగి, ఆకుపచ్చ చొక్కాలో ఉన్నాడు గానీ, వాడు మా లీడరే. కోర్సు అయిపోగానే కనబడకుండా పోయినవాడు. నాకు ప్రాణం లేచొచ్చి పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను. వాడు నవ్వలేదు. పదవిలో ఉన్నవాళ్లు, అది ఏ పదవైనా, అలాగే కూర్చుంటారు.

మామ వాంగ్మూలం చెప్పాడు. "నేను గూడ మగ్గం గుంటల పుట్టినోన్నే బిడ్డా" అని, అడగకపోయినా, మూడునాలుగు సార్లు చెప్పాడు. సేటు పేస్టు గుణం చెప్పాడు, చాచా నవసాగరం గుణం చెప్పాడు. జనం రెండుగా చీలిపోయారు. డ్రమ్మును జీవితంలో మొదటిసారి చూస్తున్న ఒక ముసలాయన నవసాగరం తరఫున చాలా ఆవేశంగా మాట్లాడాడు. లీడర్ అంతా విని, గొంతు సవరించుకుని, కరపత్రం భాషలో మొదలుపెట్టాడు. "మనం ప్రతి సమస్యనూ వర్గ దృక్పథంతో చూడాలి. ఒకరు దుకాణంలో ఫ్యాన్ కింద కూర్చుని అతికిస్తారు. మరొకరు మండుటెండలో ఇంటింటికీ తిరిగి బొగ్గుల వేడిలో శ్రమిస్తారు. శ్రమజీవి అనుభవం నుంచి పుట్టినదే సరైనది. కాబట్టి నవసాగరమే." సేటు చేతులు జోడించి, "అన్నా, ఫ్యాన్ ఉన్నది గని కరెంటే ఉండదు గదా" అని మొరపెట్టుకున్నాడు. అది లెక్కలోకి రాలేదు.

తీర్పు ప్రజల ముందే అమలు కావాలని, అక్కడికక్కడే బొగ్గులు రాజేశారు. చాచా గెలిచిన ఉత్సాహంతో రెండు గుప్పిళ్ల నవసాగరం చల్లాడు. తోటంతా దగ్గింది, కాపలా ఉన్న దళం పిల్లగాడు కూడా దగ్గాడు. తగరం కరిగింది. అందరూ మెడలు చాచారు. తగరం చేమాకు మీద నీటిబొట్టులా డ్రమ్ము మీద ఒకసారి అటూ ఇటూ తిరిగి, చల్లగా కింద పడిపోయింది. చాచా మళ్లీ వేశాడు, అది మళ్లీ పడింది. స్టీలుకు తీర్పు సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. సేటు ఒక్కడే కాస్త గట్టిగా ఊపిరి పీల్చాడు.

లీడర్ మంచం దిగి, పరిశీలిస్తున్నట్టు డ్రమ్ము దగ్గర కూర్చుని, నన్ను దగ్గరికి రమ్మన్నాడు. తల డ్రమ్ము చాటుకు పెట్టి, మొదటిసారి మనిషి గొంతుతో, "అరే, స్టీలుకు ఏం వెట్టాల్నో సార్ చెప్పలేదారా?" అన్నాడు.

"గా పాఠం నాడు బంద్ ఉండె" అన్నాను.

"ఎవలు చేసిండ్రు బంద్?"

"నువ్వే."

వాడు డ్రమ్ములో తన ముఖం చూసుకున్నాడు. కాలిన చోట కదా, ముఖం నీలంగా కనబడింది. "నువ్వన్న పోకపోయినవారా క్లాసుకు" అన్నాడు. "నినాదాలు ఇచ్చింది నేనే గద. మెచ్చుకున్నవు గూడ" అన్నాను. ఇద్దరికీ నవ్వు వచ్చింది, ఇద్దరం దగ్గాం. నవసాగరం పొగ ఇంకా ఉండటం మంచిదైంది.

లేచి నిలబడి, "ఈ సమస్యకు లోతైన అధ్యయనం అవసరం" అని ప్రకటించాడు. జనం తలలూపారు. మామ ఇక బతికానని డ్రమ్ము ఎత్తుకోబోతుంటే ఆపి, "డ్రమ్ముకు లగ్గానికి ముడివెట్టుడు భూస్వామ్య ఆలోచన. పొల్లకు ఇష్టమైతె చెయ్యాలె. పొల్లనే అడుగుండ్రి" అన్నాడు. చిల్లులు, పంచాయితీలు అన్నీ దాటి పని ఒక్క మాటతో అయిపోయిందనుకున్నాను. అందరూ మరదలి వైపు తిరిగారు. ఆమె కొంగు సర్దుకుని, "బావంటె నాకు ఇష్టమే. గని ముందుగాల డ్రమ్ము" అంది. లీడర్ నోరు తెరిచాడు. "రేపు లగ్గమైనంక గది మా ఇంటికే వస్తది అన్నా. రోజు కారుతుంటె తుడిచేది నేను గద" అంది. వెనక నుంచి ఒక ఆడమనిషి, "పొల్ల సక్కగ చెప్పింది" అంది. దానికి మించిన తీర్పు ఆ తోటలో ఆ రోజు జరగలేదు. వెళ్లేటప్పుడు లీడర్ నా పక్కన నాలుగడుగులు నడిచి, "నేర్సుకున్నంక నాక్కూడ జెప్పి పంపురా" అన్నాడు.

మర్నాడు జగిత్యాలలో మా ఫిట్టర్ సార్ ఇంటికి వెళ్లాను. ఆయన వాకిట్లో సైకిల్ గొలుసుకు నూనె వేస్తున్నారు. సంగతంతా చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే, "గా దినం నేను క్లాసుల కూసున్న. ఒక్కడు రాలె. బోర్డు మీద పాఠం రాసిన, నేనే తుడుసుకున్న, ఇంటికొచ్చిన" అన్నారు. తర్వాత చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని వచ్చి, నన్ను అరుగు ముందు నిలబెట్టి హాజరు తీసుకున్నారు. కాగితం లేదు, అన్నీ ఆయనకు నోటికే. నా పేరు పిలిచారు, "ఎస్ సార్" అన్నాను. తర్వాత లీడర్ పేరు పిలిచారు. అసలు పేరు, చాలా రోజులుగా ఎవరూ పిలవని పేరు. పిలిచి కాసేపు రోడ్డు వైపు చూశారు. రోడ్డు మీద ఎవరూ లేరు. "ఆబ్సెంట్" అని మెల్లగా అనుకుని పాఠం మొదలుపెట్టారు.

పాఠం పెద్దదేమీ కాదు. స్టీలుకు పైన ఒక పొర ఉంటుంది, కంటికి కనబడదు. తుప్పు పట్టనివ్వనిది అదే, మాటు అంటనివ్వనిదీ అదే. గీకితే పోతుంది, కానీ క్షణంలో మళ్లీ కడుతుంది. పేస్టుకూ, నవసాగరానికీ అది లొంగదు. దానికి తేజాబే, అంటే యాసిడే కావాలి. తేజాబ్‌లో జింకు ముక్కలు వేసి, అవి పొంగి పొంగి చల్లారాక మిగిలిన నీళ్లు పూసి, ఆ తడి ఉండగానే మాటు వేయాలి. "తాగే నీళ్లు గద, సీసం కలిసింది వద్దు, అసలు తగరం వెట్టు. మంట వద్దు, బరువైన ఐరన్ చాలు. అయినంక సోడా వేసిన వేడినీళ్లతోని కడుగు. కడగకపోతె అతికిచ్చిందే దాన్ని తింటది. అన్నిటికన్న కడుగుడే ముఖ్యం" అన్నారు. అప్పుడే నాకు ఆయన మీద జాలి, నా మీద సిగ్గు రెండూ కలిగాయి. ఇంత మంచి పాఠం ఖాళీ గదిలో ఒక్కరే రాసుకుని తుడిచేసుకున్నారే అనిపించింది.

జింకు కోసం వాడలో అందరి ఇళ్లలోంచీ అయిపోయిన టార్చిలైటు సెల్లులు అడుక్కొచ్చాను, వాటి డొప్ప జింకే కదా. (కొత్తవి ఎక్కువ కొంటే దుకాణంవాడు అదోలా చూసే రోజులు. అడవికేమో అని అనుమానం.) తగరం చాచా ఇచ్చాడు, ఐరన్ సేటు ఇచ్చాడు. సందును కప్పేలా ఒక ఇత్తడి బిళ్ల కోశాను. మరదలు గరుకు కాగితంతో డ్రమ్మును రుద్దింది, నేను జింకు కరిగిన తేజాబ్ పూసి, కాలిన ఐరన్‌తో తగరం ఆనించాను. అది ఉండ కట్టలేదు. నీళ్లలా పరుచుకుని, సందు చుట్టూ పాకి, అక్కడే ఆగిపోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మాట్లాడితే ఎక్కడ రాలిపోతుందో అని భయం. ఆమె వేడినీళ్లు పెట్టి కడిగింది, మళ్లీ కడిగింది, ఇక చాలన్నా కడిగింది.

మర్నాడు పొద్దున మామ డ్రమ్ము నింపించి, నల్లా కింద న్యూస్ పేపర్ పరిచి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మగ్గాల వైపు కూడా పోలేదు. భోజనం అక్కడికే తెప్పించుకున్నాడు. పొద్దు వాలే వేళకు పేపర్ తీసి, వేళ్లతో తడిమి, దీపం దగ్గర వంచి చూసి, ఏం చేయాలో తోచక అందులో వార్తలు చదివాడు. మొత్తం చదివాక, "ముహూర్తాలు ఎప్పుడున్నయో అయ్యగార్ని అడుగుండ్రి" అన్నాడు. పెళ్లిలో చాచా తన తగరమే అతికిందని, సేటు తన ఐరనే అతికించిందని ఎదురెదురు విస్తళ్ల ముందు కూర్చుని వాదించుకున్నారు. లీడర్‌కు కబురు పంపాను. పాఠం మొత్తం నోటితోనే, చందుర్తి మనిషికి చెప్పి. అది ఎన్ని నోళ్లు మారి, ఏ చెట్టు కిందికి, ఏ రూపంలో చేరిందో నాకు తెలియలేదు. ఆ తర్వాత వచ్చిన సంవత్సరాల్లో పొద్దున్నే పేపర్ తెరిచినప్పుడల్లా వాడి అసలు పేరు ఎక్కడైనా ఉంటుందేమోనని భయపడుతూ వెతికేవాణ్ని. లేకపోతే ఆ రోజుకు టీ రుచిగా ఉండేది.

చాలా ఏళ్లకు, నాకు బట్టతల వచ్చి బోర్డు మీద అక్షరాలు మాసిపోయాక, ఒక మధ్యాహ్నం ఒకాయన చేతికర్రతో మా గడప ముందు నిలబడి, "ఇక్కడ అన్ని రకాల రిపేర్లు చేస్తరట" అన్నాడు. గొంతు పట్టి గుర్తుపట్టాను. అడవి వదిలి, జబ్బుపడి లేచి, ఇప్పుడు ఊళ్లో కాస్త పొలం చేసుకుంటున్నాడు. లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. వంటింటి గుమ్మం పక్కన ఉన్న డ్రమ్మును చూసి లేచి, నల్లా తిప్పి, గ్లాసు నింపుకుని తాగాడు. తాగి, అతుకు కింద చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. ఆ నీలిరంగు మరక దగ్గర వేలితో రాసి, గ్లాసుతోనే వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. "నువ్వు పంపిన కబురు అందిందిరా. గని నా దాంక వచ్చెటాల్లకు ‘కడుగుడే ముఖ్యం’ అన్న ఒక్క ముక్కనే మిగిలింది. దేన్ని కడగాల్నో ఎవలికి తెల్వది. నెలరోజులు వంటగిన్నెలన్ని మస్తు కడిగిపిచ్చిన" అన్నాడు.

ఇద్దరం కళ్లలో నీళ్లు వచ్చే దాకా నవ్వాం. తర్వాత వాడు, "సార్ ఎట్లున్నడు?" అన్నాడు. పోయారని చెప్పాను. "నాకు పాఠం చెప్పిన నాడు ముందుగాల హాజరు తీసిండురా. నీ పేరు గూడ పిలిచిండు" అన్నాను.

"లీడర్ అనా?"

"కాదు. అసలు పేరు. పిలిచి, రోడ్డు దిక్కు సూసిండు."

వాడు గ్లాసు కింద పెట్టాడు. చేతికర్ర గోడకు ఆనించి, చొక్కా సర్దుకుని, కుర్చీలోంచి మెల్లగా లేచి నిలబడి, ఎవరూ లేని వాకిలి వైపు తిరిగి, "ఎస్ సార్" అన్నాడు.

అంతలో లోపలి నుంచి మా ఆవిడ గొంతు వినబడింది. "గా నల్లా సక్కగ తిప్పుండ్రి, నీళ్లు పోతున్నయి. తుడిచేది నేను గద." నిజమే, వాడు సరిగ్గా మూయలేదు. ఒకప్పుడు ఒకే గేటు ముందు పిడికిళ్లెత్తిన ఇద్దరు ముసలివాళ్లం ఒకేసారి కదిలి, ఒకరినొకరు తోసుకుంటూ నల్లా దగ్గరికి నడిచాం.